అవ్వ లేని మొదటి క్రిస్మస్

జూన్‌లో అవ్వ ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది. ఆగస్టులో చిన్నాయన వాళ్ళు కోవిల్‌పట్టి ఇల్లు ఖాళీ చేసి, విరుదునగర్‌లో అన్న వాళ్ళ పక్కవీధికి వచ్చేశారు. వదినకు ఆడపిల్ల పుట్టింది. అవ్వ పేరే పెట్టారు.

చర్చిలో మనకు పాటా వాక్యమూ తమిళమే. తెలుగులో ప్రార్థన చేసేది అవ్వ ఒక్కతే. ఇది మన ఇంటి సంగతే కాదులెండి. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాషా తెలుగే. 1991లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన ఆయన ‘గోపల్లపురత్తు మక్కళ్’ తెలుగువాళ్ళ కథే, రాసింది మటుకు తమిళంలో.

నిన్న రాత్రి భోజనాల ముందు, ప్రార్థన ఎవరు చేస్తారని అన్న అడిగాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చివరికి చిన్నాయనే తెలుగులో మొదలుపెట్టారు. మధ్యమధ్య తమిళం దొర్లింది. పిల్లలు కూడా నవ్వలేదు. ఆమెన్ అన్నాక, ఆయన తెచ్చిన కడలై మిఠాయి పొట్లం విప్పాం.