పాత కారు

కొత్తదిగా ఉన్నప్పుడు పెద్ద అధికారులకు, వ్యాపారులకు మాత్రమే అందిన కారు, కొన్నేళ్లు గడిచేసరికి చిన్న కారు వెలకే లభిస్తుంది. 2000ల తొలినాళ్లలో మన దేశంలోకి వచ్చిన స్కోడా ఆక్టేవియా డీజిల్ కారు అట్టిదే. బరువైన తలుపులు, వెడల్పయిన సీట్లు, 1.9 లీటర్ల టర్బో ఇంజను. విజయవాడ రహదారిపై అది నిలకడగా సాగిపోతుంటే మధ్యతరగతి యజమాని మనస్సు పొంగకపోదు.

అయితే తగ్గినది బండి వెలయే కాని, విడిభాగాల వెల కాదు. ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. ఆ ఇంజనులో టైమింగ్ బెల్టు అనే రబ్బరు పట్టీ ఉంటుంది. పిస్టన్ల కదలికకూ వాల్వులు తెరుచుకొనే వేళకూ పొత్తు కుదిర్చేది అదే. మూత వెనుక దాగి ఉండుటచేత దాని అరుగుదల కంటికి కనబడదు. పరుగులో అది తెగినచో పిస్టన్లు వాల్వులను ఢీకొని వంచివేస్తాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్క క్షణంలో మెకానిక్ షెడ్డు పాలవుతుంది. బెల్టును, దానిని బిగించి ఉంచే టెన్షనరును, దానితోనే తిరిగే వాటర్ పంపును మార్చిన రసీదు లేనిచో, రంగు ఎంత మెరిసినా, ఆ ఖర్చును బండి వెలలో కలిపి లెక్కవేయాలి. మీటరులోని కిలోమీటర్లు ఇందుకు సాక్ష్యం కావు. వాటిని వెనుకకు తిప్పే నేర్పరులు సంతలో కొరవడరు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి చూడటం మేలు. ముందే వేడెక్కించిన బండి తన జబ్బును దాచగలదు. నీలిపొగ వచ్చినచో ఆయిలు కాలుతున్నదని గ్రహించాలి. ఆ కాలపు బండ్లకు రిజిస్ట్రేషను తొలి గడువైన 15 ఏళ్లు నిండాయి. ఫిట్‌నెస్ పరీక్ష జరిపించి దానిని పొడిగించుకొన్నారో లేదో ఆర్.సి.లో చూచిన పిమ్మటనే బయానా ఇవ్వాలి.