వంత – వంతు

తెలుగు పలుకుబడి వాద్యకారులకు ఎంతో ఋణపడి ఉన్నది. అయితే ఆ ఋణం తీర్చుకున్న తీరు మాత్రం న్యాయంగా లేదు. ఒకరి మాటకు ఆలోచన లేకుండా తల ఊపే మనిషిని 'వంత పాడుతున్నాడు' అంటాం. ఇద్దరు కుమ్మక్కైతే 'వాడు తాన అంటే వీడు తందాన అంటాడు' అంటాం. ఎత్తిపొడుపు మాటలకు 'సన్నాయి నొక్కులు' అని పేరు పెట్టాం. ఇవన్నీ బుర్రకథ వేదిక నుంచీ, పెళ్లిపందిరి నుంచీ మనం తెచ్చుకున్న మాటలే. గమనిస్తే, వీటిలో ముందు నిలబడి కథ చెప్పేవాడిని నిందించే మాట ఒక్కటి కూడా లేదు. పక్కన నిలబడినవాడే లోకువ.

బుర్రకథలో ముగ్గురుంటారు. తంబుర భుజాన వేసుకొని, వేళ్లకు అందెలు తొడుక్కొని కథ నడిపేవాడు ఒకడు. గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవారు ఇద్దరు. గుంటూరు ప్రాంతపు పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళకు తలమానికమైనవాడు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన కథ చెప్పేటప్పుడు వంతల పని కేవలం తందాన అనడం కాదు. ఒకరు హాస్యం చెప్పాలి, మరొకరు లోకం పోకడను ఎత్తి చూపాలి, ఇద్దరూ కలిసి కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. వంతలు తడబడితే కథకుడు ఎంతటివాడైనా ఊపు నిలుపుకోవడం కష్టం. అయినా నాజర్ పేరు తెలిసినంతగా ఆయన పక్కవాద్యాల వారి పేర్లు మనకు తెలియవు.

మూడు దశాబ్దాలుగా ద్విపదలూ ప్రబంధాలూ బోధిస్తున్న నేను ఈ విషయం గురించి తీరికగా ఆలోచించడానికి కారణం ఒక ఆటవస్తువు అంటే మీకు నవ్వు రావచ్చు. అమెరికాలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఒక సంక్రాంతికి కనిగిరి వస్తూ 'రాక్ బ్యాండ్' అనే వీడియో ఆట సరంజామా వెంట తెచ్చాడు. ప్లాస్టిక్ గిటార్లు రెండు, నాలుగు పళ్లాల వంటి డ్రమ్ములు, కాలితో తొక్కే పెడల్ ఒకటి, మైకు ఒకటి. గిటారుకు తీగలు లేవు. మెడ మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగుల మీటలు అయిదు, పొట్ట దగ్గర మీటడానికి ఒక పట్టీ ఉన్నాయి. టీవీ తెర మీద ఒక దారి మన వైపు జారి వస్తూ ఉంటుంది. ఆ దారి మీద రంగు బిళ్లలు వస్తాయి. బిళ్ల గీతను తాకే క్షణానికి ఆ రంగు మీట నొక్కి పట్టీ మీటాలి. ముందుగా నొక్కినా తప్పే, వెనుకగా నొక్కినా తప్పే. తాళం తెలిసినవాడికి ఇందులో కొత్త ఏమీ లేదు.

ఈ తరహా ఆటలు 1999 నాటికే జపాన్‌లో ఉన్నాయి. కొనామి సంస్థ గిటారుకు ఒక ఆట, డ్రమ్ములకు ఒక ఆట చేసింది. అమెరికాలోని హార్మోనిక్స్ సంస్థ 2005లో 'గిటార్ హీరో' రూపొందించి, 2007లో నాలుగు వాద్యాలనూ ఒక చోట చేర్చి 'రాక్ బ్యాండ్' తెచ్చింది. నన్ను ఆకర్షించినది ఆట కన్న దాని పాటల ఏర్పాటు. డిస్కుతో వచ్చే పాటలు అయిపోయిన తర్వాత వారం వారం కొత్త పాటలు అంతర్జాలం నుంచి దించుకునే వీలుండేది. పాట ధర సుమారు రెండు డాలర్లు ఉండేది. అలా దించుకున్న పాటలో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి: గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు, గాత్రం. ఒక్కొక్క భాగానికి మళ్లీ సులభం నుంచి కఠినం దాకా నాలుగు మెట్లు. సులభమైన మెట్టులో గిటారుకు మూడు రంగులే వస్తాయి, పై మెట్లలో అయిదూ వస్తాయి. ఏ స్వరానికి ఏ రంగు ఇవ్వాలో నిర్ణయించినది యంత్రం కాదు. సంగీతం తెలిసిన మనుషులు పాటను పదే పదే విని రాసిన వ్యవహారమది. ఒక రకంగా వారు ప్రతి పాటకూ నాలుగు వ్యాఖ్యానాలు రాసినట్లే.

పాటల పట్టికలో ప్రతి పాట ఎదుట ఒక్కొక్క వాద్యానికి విడివిడిగా చుక్కలుంటాయి, ఎంత కష్టమో తెలియడానికి. గాయకుడికి ఒకే చుక్క ఉన్న పాట డ్రమ్ములవాడికి అయిదు చుక్కలై కూర్చుంటుంది. పాట వినేటప్పుడు మనం 'ఇది తేలిక పాట' అంటాం. ఎవరికి తేలిక? ఆ ప్రశ్న మనకు తోచదు. ఆ చుక్కల పట్టిక చూసేదాకా నేనూ ఎవరి నోటా ఆ ప్రశ్న వినలేదు.

డ్రమ్ములవాడికి రెండు చేతులూ ఒక కాలూ వేర్వేరు లెక్కలో నడవాలి. గిటారువాడికి మెప్పు దొరికే చోట్లు ఉంటాయి. పాట నడుమ అతను ఒక్కడే మీటే ఘట్టంలో తక్కిన వారు ఒదిగి ఉంటారు. గాత్రం సంగతి నేనే పరీక్షించాను. మైకు నా చేతికి వచ్చింది. ఆ యంత్రం ముఖ్యంగా స్వరాన్ని కొలుస్తుంది. మంద్రంలో పాడినా తారంలో పాడినా స్వరం సరిపోతే చాలు. మాటలతో దానికి అంతగా నిమిత్తం లేదు. పదాలు తెలియని ఆంగ్లగీతాన్ని ఊఁ అని కూనిరాగంతో నడిపినా మార్కులు పడ్డాయి. సాహిత్యం బోధించి బతుకుతున్నవాడికి ఇది అంత సంతోషం కలిగించే విషయం కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక బేస్ గిటారు. ఆ రోజు మా ఇంటికి వచ్చిన వారిలో మా కళాశాలలో ద్వితీయ సంవత్సరం చదివే కుర్రాడొకడు ఉన్నాడు. సన్నాయి మేళం వారి బిడ్డ. అతను రెండో గిటారు అందుకోగానే మా మేనల్లుడు, "తమ్ముడూ, అది బేస్. ఒకటే స్వరం మీద నడుస్తూ ఉంటుంది. విసుగొస్తుంది. నా గిటారు తీసుకో" అన్నాడు. కుర్రాడు వదలలేదు. "పర్లేదన్నా, మా నాయన వాయించేది కూడా ఇట్లాంటిదే" అన్నాడు. మొదటి పాట ముగిసేసరికి మా అందరి కన్నా అతని లెక్కే ఎక్కువ. కారణం తర్వాత తెలిసింది. తప్పు లేకుండా సాగినంతసేపూ ప్రతి ఆటగాడి మార్కులు రెట్ల లెక్కన పెరుగుతూ పోతాయి. తక్కిన వారికి ఆ పెంపు నాలుగు రెట్ల దగ్గర ఆగిపోతుంది. బేస్ వాయించేవాడికి మాత్రం ఆరు రెట్ల దాకా సాగుతుంది. విసుగు పుట్టే పనిని ఎవరూ ముట్టరని ఆట రాసినవారికి తెలుసు. అందుకే ఆ పనికి కూలి పెంచారు.

ఆ కుర్రాడి తండ్రి మేళంలో శ్రుతి పడతాడు. ఇక్కడ మేళం సంగతి కొంత చెప్పాలి. మన పెళ్లిళ్లలో, గుడి ఉత్సవాల్లో వాయించే మేళంలో సన్నాయిలు ఒకటో రెండో ఉంటాయి, డోలు ఉంటుంది, తాళం ఉంటుంది, వీటి వెనుక ఒత్తు ఉంటుంది. ఒత్తు చూడటానికి సన్నాయి వంటిదే, కాని దాని మీద రాగం పలికించరు. ఆధార షడ్జం ఒక్కటే, మొదటి నుంచి చివరిదాకా తెగకుండా ఊదాలి. బుగ్గల్లో గాలి నిల్వ ఉంచుకొని, అది బయటికి పోతుండగానే ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. ఇది ఏళ్ల తరబడి అభ్యసించవలసిన విద్య. సన్నాయివాడు కీర్తనకూ కీర్తనకూ నడుమ పీక సవరించుకోవచ్చు. డోలువాడు వేళ్లకున్న తొడుగులు సరిచేసుకోవచ్చు. ఒత్తువాడికి విరామం లేదు. పల్నాటి వీరుల కథ చెప్పే వీరవిద్యావంతుల దగ్గర ఇదే పని తిత్తి చేస్తుంది.

ఈ మెట్టనేలలో, మిరపా పత్తీ పండే ఈ ఊళ్లలో, నాదస్వరం కొన్ని ముస్లిం కుటుంబాలు తరతరాలుగా కాపాడుతున్న విద్య. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా, చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద నేర్చుకొని, తర్వాత తమిళదేశపు బాణీని కూడా అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుని సన్నిధిలో వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. 1999లో కన్నుమూశారు. అంతటి విద్వాంసుడి వెనుక కూడా ఎవరో ఒకరు శ్రుతి పట్టే ఉంటారు. సభాపత్రికల్లో ఆ పేరు అచ్చు వేసే ఆచారం మాత్రం లేదు.

కుర్రాడి నాయనకు గత రెండేళ్లుగా మేళంలో పని తగ్గింది. విద్యుత్ శ్రుతిపెట్టె వచ్చింది. అది అలసిపోదు, బండిలో చోటు అడగదు, సొమ్ము పంచుకునే వేళ వంతు అడగదు. మేళం పెద్దను తప్పు పట్టలేం. పెళ్లివారు ఇచ్చేది తక్కువ, పంచవలసిన చేతులు ఎక్కువ. శ్రుతివాడి వంతు ఎప్పుడూ అన్నిటికన్న చిన్నదే. ఇప్పుడు ఆ చిన్న వంతు కూడా మిగిలింది.

ఆటలో ఇంకొక విశేషం ఉంది. ఎవరైనా తప్పు వాయిస్తే ఆ వాద్యం శబ్దం మాత్రమే మాయమవుతుంది. తక్కినవి సాగుతూనే ఉంటాయి. ఇది సాధ్యం కావాలంటే పాట రికార్డు చేసినప్పుడే ఒక్కొక్క వాద్యం వేర్వేరుగా నమోదై ఉండాలి. బీటిల్స్ బృందం పాటలతో 2009లో ప్రత్యేకంగా ఒక ఆట చేసినప్పుడు ఈ చిక్కే వచ్చింది. వారి తొలినాటి పాటల్లో వాద్యాలన్నీ ఒకటి రెండు పట్టీల మీదే కలిసి ఉన్నాయి. శబ్దాన్ని విడదీసే సాంకేతిక పరికరాలతో వాటిని శ్రమపడి వేరు చేయవలసి వచ్చింది. మన పాత తెలుగు సినిమా పాటలకూ ఆ కాలపు పద్ధతే. మద్రాసు స్టూడియోలలో గాయకులూ వాద్యకారులూ ఒకేసారి కూర్చొని, ఒక్కడు తప్పినా అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించి నింపిన పాటలవి. ఆ పాటల్లో వయొలిను ఎవరిదో, తబలా ఎవరిదో విడిగా విందామంటే వీలు పడదు. అందరూ ఒకే ఊపిరిలో ఉన్నారు. అది ఆ పాటల లోపమని నేను అనుకోను.

భరతుడు వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలని నాలుగు తెగలుగా విభజించాడు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల మహోత్సవాన్ని వర్ణిస్తూ ఎన్నో వాద్యాలను పేరు పేరునా పేర్కొన్నాడు. ఆ లెక్కన చూస్తే ఈ ఆటలో తత వాద్యాలున్నాయి, అవనద్ధం ఉంది. ఊదే వాద్యం ఒక్కటీ లేదు. పాటలో సాక్సఫోన్ వినవస్తే అది తన మానాన తాను మోగుతుంది, లేదా గిటారువాడి నెత్తిన పడుతుంది. 2010లో వచ్చిన మూడవ ఆటలో కీబోర్డు చేర్చారు. 2015లో వచ్చిన నాలుగవ దానిలో మళ్లీ తీసివేశారు. అదే పాట, డబ్బు పెట్టి కొనుక్కున్నదే, ఒక ఆటలో అయిదుగురికి పని కల్పిస్తుంది, తర్వాతి ఆటలో నలుగురికే. 2024 జనవరితో కొత్త పాటలు విడుదల చేయడం కూడా ఆ సంస్థ మానేసింది.

దించుకున్న పాటను వాద్యాలకు పంచే పని మాత్రం కనిగిరిలో ఆగలేదు. ఇప్పుడు పెళ్లివారు కీర్తనలతో పాటు కొత్త సినిమా పాటలు అడుగుతున్నారు. ఆ కుర్రాడు పాటను ఫోనులోకి దించి, మేళం పెద్ద ముందు పెట్టి నాలుగైదు సార్లు వినిపిస్తాడు. నోటుపుస్తకంలో గళ్లు గీస్తాడు. పల్లవి మొదటి సన్నాయికి, కోరస్ రెండో సన్నాయికి, దరువు డోలుకు. చిక్కంతా నడుమ వచ్చే గిటారు, కీబోర్డు ఘట్టాల దగ్గరే. అవి సన్నాయి మీద పలకవు. పలికించబోతే ఎబ్బెట్టుగా ఉంటాయి. గాయకుడు గొంతు వణికించే చోట సన్నాయి గమకం దానికి మించిపోతుంది, కాని యంత్రం వేగంగా విసిరే తునకలను ఏ పీకా అందుకోలేదు. ఒకసారి అతని పుస్తకం చూశాను. అటువంటి చోట్ల 'డోలు ఒంటరి' అని రాసుకున్నాడు. శ్రుతి అనే గడిలో మాత్రం పై నుంచి కింది దాకా ఒకే గీత.

మొన్న శ్రీరామనవమి ఊరేగింపు రాత్రి పూట వీధుల వెంట సాగింది. పందిట్లో కూర్చున్నంతసేపూ శ్రుతిపెట్టె బాగానే పలికింది. వీధిలోకి వచ్చి డోలు ఊపందుకున్న తర్వాత దాని గొంతు పక్కవాడికి కూడా వినిపించలేదు. రెండో సన్నాయి జారడం మొదలుపెట్టింది. రెండు వీధులు దాటేలోపల మేళం పెద్ద మనిషిని పంపి కుర్రాడి నాయనను పిలిపించాడు. ఆయన ఒత్తు పీక తడుపుకుంటూ వచ్చి వెనుక వరుసలో కలిశాడు. తెల్లవారుజామున రథం గుడి చేరేదాకా ఊదాడట.

వంతు ఎంత ముట్టిందని నేను అడగలేదు. కుర్రాడే చెప్పాడు. తాళంవాడితో సమానంగా ఇచ్చారట.