మానేటి ఒడ్డున బంతి ముచ్చట

సిద్దిపేట నుంచి సిరిసిల్లకు పోయే బస్సులో కూర్చున్నవారికి తంగళ్ళపల్లి ఒక ఊరుగా కనిపించదు. సామాన్లు సర్దుకోమని చెప్పే హెచ్చరికగా కనిపిస్తుంది. ఊరు దాటగానే మానేరు వంతెన, వంతెన దాటగానే సిరిసిల్ల. అందుచేత ఇక్కడ దిగేది ఈ ఊరివారే గాని పైవారు తక్కువ. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది మండల కేంద్రమైంది. ఈ మండలంలోని బద్దెనపల్లిలోనే టెక్స్‌టైల్ పార్కు ఉన్నది. అయినా పెద్ద ఊరి పక్కనున్న చిన్న ఊరి బిడియం దీనికింకా పోలేదు.

2025 జూలై ఆఖరి రోజుల్లో ఒక మిత్రుని ఇంటికి వెళ్ళి రెండు రోజులు అక్కడ ఉన్నాను. సాంచాల చప్పుడుకు అలవాటు పడని చెవికి మొదటి రాత్రి నిద్ర కరువే. రెండోనాటి సాయంత్రం మిత్రుడు నన్ను ఊరి చివరనున్న మైదానానికి తీసుకుపోయాడు. మైదానమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పక్క రాళ్ళు, ఒక పక్క తుమ్మచెట్లు, మధ్య ఎవరూ దున్నని ఎర్రనేల. గోలుకు కర్రలు పాతారు గాని వల లేదు. పదిమంది కుర్రవాళ్ళు ఫుట్‌బాల్ పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఆడటం లేదు; వాదించుకుంటున్నారు.

సంగతేమంటే, వాళ్ళంతా వంతెన అవతల చదివే విద్యార్థులు. కాలేజీ జట్టుకు ఆట నేర్పే సారు జూన్‌లో బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో ఎవరు వస్తారన్నది అప్పటి సమస్య.

“కరీంనగర్ నుంచి మిలటరీల జేసినాయన వస్తడంట,” అన్నాడొకడు.

“ఎవలు జెప్పిండ్రు?”

“ఆఫీసు ముంగట ఒకాయన నిలబడ్డడు. మెడల ఈల ఉన్నది.”

“ఈల ఉంటే సారేనా? బస్సు కండక్టరుకు గూడ ఉంటది!”

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే మరొకడు హైదరాబాదు పోలీసు జట్టులో ఆడిన ఆయనెవరో వస్తున్నాడన్నాడు. ఇంకొకడు, ఎవరూ రారు, ఆ ఉద్యోగమే ఎత్తేస్తారన్నాడు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క సాక్ష్యం. మా సాహిత్యంలో కవుల కాలనిర్ణయాలు కూడా కొన్ని ఇంతకన్న గట్టి ఆధారాల మీద జరగలేదు సుమండీ!

వాళ్ళను ఎగతాళి చేయటానికి ఇది చెప్పటం లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే దేశమంతా ఇదే పనిలో ఉన్నది. జూన్‌లో మన జట్టు హాంకాంగ్ చేతిలో ఓడింది. ప్రపంచ జట్ల వరుసలో 133వ స్థానానికి జారింది. శిక్షకుడు మనోలో మార్కెజ్ తప్పుకున్నాడు. 2022లో హైదరాబాదు జట్టును ఐ.ఎస్.ఎల్. విజేతగా నిలిపినవాడు ఆయనే. ఖాళీ అయిన ఆ కుర్చీకి 170 దరఖాస్తులు వచ్చాయి. అందులో స్పెయిన్ దేశపు మహా ఆటగాడు జావి పేరు కూడా ఉన్నదని వార్త పొక్కింది. అభిమానులు గాలిలో తేలిపోయారు. రెండు రోజులు తిరక్కుండానే అది ఎవరో పంపిన ఉత్తుత్తి దరఖాస్తని సమాఖ్యే ప్రకటించింది. మన కుర్రవాని ఈల సాక్ష్యం ఇంతకంటె నయమే కదా!

“సార్, మీరు జెప్పుండ్రి. పెద్ద పేరున్నాయన వస్తెనే టీము బాగుపడతదా?” అని ఒకడు నన్నడిగాడు.

నాకు ఆట రాదు, కథ వచ్చు. కనుక సయ్యద్ అబ్దుల్ రహీం కథ చెప్పాను. ఆయన హైదరాబాదులో బడిపంతులు. ఉస్మానియాలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఆడినవాడు. తరువాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు గురువై, 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు తెచ్చిపెట్టాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టే యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. ఈ రోజుల్లోనయితే మరునాడే కొత్త పేర్లు వినిపించేవి. నాలుగేళ్ళకు, 1956 మెల్‌బోర్న్‌లో, అదే గురువు మన జట్టును సెమీఫైనల్‌కు చేర్చాడు. 1962లో ఒంట్లో క్యాన్సరు పెట్టుకునే జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిపించాడు. 1963 జూన్ 11న కన్నుమూశాడు.

తుమ్మచెట్టు కింద బీడీ కాలుస్తున్న వృద్ధుడు అంతదాకా పలకలేదు. అప్పుడందుకున్నాడు. ఈ ప్రాంతపు నేతవారు బతుకుతెరువుకు బొంబాయికి, భీవండికి పోవటం తెలిసిన సంగతే. ఆయన తండ్రీ బొంబాయి మిల్లులో పనిచేశాడట.

“మా నాయిన కూపరేజీల మనోళ్ళ ఆట జూసిండు సారూ. సచ్చేదాక అదే ముచ్చట జెప్పిండు. గని ఒకటి జెప్తున్న పోరగాండ్లూ. సాంచ ఆగితె ఆసామి నేతగాన్ని మారుస్తడు. పడుగు సక్కగ లేకుంటె ఎవడొచ్చినా పోగు తెగుడు ఆగుతదా?”

ఆ మాటతో నా ఉపన్యాసం చిన్నబోయింది. రహీం ఆ పడుగే సిద్ధం చేశాడు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉండి పిల్లలకోసం రకరకాల పోటీలు పెట్టించాడు. బంతిని కాళ్ళ దగ్గరే ఆడించుకుంటూ పోకుండా వెంటనే తోటివానికి అందించవలసిన పోటీ ఒకటి. బలహీనమైన కాలితోనే తన్నవలసిన పోటీ ఒకటి. గెలుపు జకార్తాలో కనిపించింది గాని నేత హైదరాబాదు మైదానాల్లో జరిగింది.

బలహీనమైన కాలితో పోటీ అనగానే కుర్రవాళ్ళు లేచారు. అందరిదీ కుడికాలే. ఎడమకాలితో తన్నితే బంతి ముందుకు పోవలసింది పక్కకు పోయి తుమ్మచెట్లలో పడింది. ఒకడు బంతిని వదిలి గాలిని తన్ని వెల్లకిలా పడ్డాడు. వృద్ధుడు బీడీ పారేసి చప్పట్లు కొట్టాడు. చీకటి పడేదాకా కొత్త సారు పేరు ఎవరూ ఎత్తలేదు.

తరువాతి సంగతి పాఠకులకు తెలిసినదే. ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ను నియమించారు. పదమూడేళ్ళకు మళ్ళీ భారతీయుడే శిక్షకుడయ్యాడు. ఆ నెలలో ఆట తెరిపిన పడినట్టే కనిపించింది. అక్టోబరులో సింగపూరు చేతిలో ఓడి 2027 ఆసియా కప్పు ఆశ వదులుకున్నాము. పోగు మళ్ళీ తెగింది.

దసరా వెళ్ళిన తరువాత మిత్రుడు ఫోను చేశాడు. కాలేజీకి సారు ఇంకా రాలేదట. కుర్రవాళ్ళు మాత్రం ఆదివారమాదివారం ఎడమకాలి పందెం పెట్టుకుంటున్నారట. “ఇప్పుడు బంతి చెట్లలోకి పోవటం లేదు,” అన్నాడు.