నల్లమల పంచే సారపప్పు

గుంటూరు మిరప కళ్లాల ఘాటు, ప్రకాశం పత్తిచేల తెల్లదనం దాటి పడమటికి వెళ్తే దోర్నాల. అక్కణ్నుంచి శ్రీశైలం దారి నల్లమల ఎక్కుతుంది. హిమాలయాల్లో కిన్నౌర్‌కు చిల్గోజా ఎలాగో ఈ కొండలకు సారపప్పు అలాగ!

వేసవిలో చెంచులు మొర్రిపళ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజలు ఎండబెట్టి, పెంకు పగలగొడితే దొరికే పప్పు ఇది. అందులో దాదాపు సగం నూనే. నెయ్యిలో దోరగా వేయించి వేస్తే పరమాన్నం ఘుమఘుమలాడుతుంది. బెల్లంతో ఉండ కడితే శివరాత్రికి కాలినడకన వెళ్లేవారి సంచిలో ఇట్టే ఇముడుతుంది. ఎక్కువకాలం ఉంచితే కనరు వాసన వస్తుంది, కొద్దికొద్దిగానే కొనుక్కోవాలి.

తొందరపడి పచ్చికాయలు దూసినా, కొమ్మలు నరికినా చెట్టే మిగలదు. పండేదాకా ఆగితే చెంచులకు నాలుగు డబ్బులు, ఎలుగుబంటికి నాలుగు పళ్లు, మన గిన్నెలో గుప్పెడు పప్పు!