ఎరుపును కొలిచే నీలం

మిర్చి యార్డుకు టిక్కీలు పోటెత్తే వేసవిలో కాంతిశాస్త్రం చదవబూనడం విపరీతమే. పగలంతా గుంటూరులో ఒక ఎగుమతి సంస్థ ప్రయోగశాలలో మిరపకాయల రంగు కొలుస్తాను. రాత్రి తొమ్మిది దాటాక, ఐఐటీలూ బెంగుళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ పాఠాలు వింటాను. పీజీ స్థాయి, 12 వారాలు. వారం వారం చేసే లెక్కలకు 25 మార్కులు, చివర కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకు 75. బల్ల మీద అజయ్ ఘటక్ గారి ‘ఆప్టిక్స్’.

“జీతమేమైనా పెరుగుతుందా?” అని మిత్రులు అడుగుతున్నారు. పెరగదు. సి.వి. రామన్ 1907 నుంచి పదేళ్ళు ఆర్థికశాఖ కొలువు చేస్తూ, కలకత్తాలో ఉన్నన్నాళ్ళూ కచేరీకి ముందూ వెనుకా బౌబజారు వీధిలోని ప్రయోగశాలకు వెళ్ళేవారు. ఆయనతో పోలిక దురాశ. వేళలు మాత్రం కలిశాయి.

మిరపపొడిని ఎసిటోన్‌లో 16 గంటలు చీకట్లో ఉంచి, ఆ ద్రావణం గుండా 460 నానోమీటర్ల వెలుగు పంపడం అమెరికా సుగంధద్రవ్యాల వర్తకసంఘం వారి ‘ఆస్టా’ పద్ధతి. 460 అంటే నీలం. ఎరుపును కొలవడానికి నీలమా అని మీకూ అనిపించవచ్చు. కాప్సాంథిన్ వంటి వర్ణకాలు నీలాన్ని మింగి ఎరుపును వదిలేస్తాయి. మనకు కనబడే రంగు కాయ తినగా మిగిలిన ఎంగిలి.

రీడింగు 0.30కీ 0.70కీ నడుమ ఉండాలన్నది నియమం. దాటితే పలుచన చేసి మళ్ళీ కొలవాలి. ఏళ్ళ తరబడి దాన్ని మడి ఆచారంలా పాటించాను. వెలుగు ఘాతీయంగా క్షీణించే పాఠం విన్న రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. 0.30 అంటే సగం వెలుగు దాటినట్లు, 0.70 అంటే అయిదో వంతు. ఎక్కువ దాటితే రెండు పెద్ద సంఖ్యల నడుమ చిన్న తేడాను పట్టుకోవాలి. మరీ తక్కువ దాటితే యంత్రపు సొద అందులో కలిసిపోతుంది. అవకలనం చేస్తే దోషం కనిష్ఠమయ్యేది 0.43 దగ్గర. ఇల్లంతా నిద్రపోతోంది కనుక సంతోషం ఎవరితోనూ పంచుకోలేదు.

ప్రయోగాలు లేకపోవడమే దూరవిద్యకు పెద్ద లోటు. మైకెల్సన్ వ్యతికరణమాపకాన్ని తెర మీద చూశానే గాని మర తిప్పి ఎరుగను. ఇంట్లో పాత సీడీ, 650 నానోమీటర్ల ఎర్ర లేజరు దొరికాయి. మీటరు దూరాన నిలిపిన అట్ట మీద, మధ్య చుక్కకు 44 సెంటీమీటర్ల ఎడంలో మరో చుక్క పడింది. లెక్క కడితే సీడీ గీతల నడుమ ఎడం 1.6 మైక్రోమీటర్లు. మా యంత్రంలో తెల్లని వెలుగు నుంచి 460ని ఏరి ఇచ్చేదీ ఇలాంటి గీతల పలకే.

మొన్న ప్రకాశం వైపు నుంచి రైతు ఒకాయన వచ్చారు. “కాయ ఎర్రగానే ఉంది గదా సారూ, నంబరు తగ్గిందేంది?” కన్ను తొక్కను చూస్తుందనీ, యంత్రం లోపలి వర్ణకాన్ని లెక్కిస్తుందనీ, కల్లంలో అవసరానికి మించిన ఎండ ఆ వర్ణకాన్నే చెరుపుతుందనీ చెప్పాను. అంతా విన్నారు.

“ఇదంతా తెలిస్తే రేటు పెరుగుద్దా?”

ఈసారికి పెరగదన్నాను. కాసేపు ఊరకున్నారు.

“మరి వచ్చే ఏడు ఎన్నాళ్ళు ఎండబెట్టమంటారు?”

కాగితం తీశాను. ఇద్దరం కూర్చుని ఆయన కల్లం రోజులు లెక్కబెట్టసాగాం.