వేడిమీద ముప్పైనాలుగు

కరీంనగర్ ప్రాంతంలో పుట్టినవాడు బండి కొంటే ఒక ప్రయాణం తప్పదు. కొండగట్టుకు పోవాలి, అంజన్న ముందు బండి నిలపాలి, పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించాలి. మోటారు సైకిలైనా ట్రాక్టరైనా ఇదే మర్యాద. 2023 జనవరిలో పవన్ కల్యాణ్ తన ప్రచార వాహనం 'వారాహి'ని అక్కడికి తెచ్చి పూజ చేయించినప్పుడు మావాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. బండి అన్నాక ఇంకెక్కడికి పోతుంది అన్నారు.

నా విషయంలో బండి పాతదే, టైర్లు మాత్రం కొత్తవి. "కొత్త కాళ్ళొచ్చినయ్ గదా, అంజన్నకు సూపెట్టాలె" అని అమ్మ తీర్మానించింది. ఆ టైర్లు ఎందుకు కొన్నానో మాత్రం ఇంట్లో చెప్పలేదు. ఇక్కడ చెప్పుకుంటాను.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగింది. విద్యుత్తుతో నడిచే ఆ కార్లు సచివాలయం పక్కనుంచి ఈలవేస్తూ దూసుకుపోతుంటే జనమంతా కార్లను చూశారు, నేను టైర్లను చూశాను. పందెపు కారు టైరంటే గుండులా నున్నగా ఉంటుందనుకునేవాణ్ణి. వీటికి మన కార్ల టైర్లలాగే గాడులున్నాయి. ఎండకూ వానకూ అదే టైరట. ఆ పిచ్చి నాకు అక్కడ పట్టింది.

పిచ్చికి మందు మద్రాసు దగ్గర దొరికింది. ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ఒక పందెపు బాట ఉంది. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. పందేలు లేని కొన్ని రోజుల్లో రుసుము కట్టి, శిరస్త్రాణం పెట్టుకుని, మన మామూలు కారునే అక్కడ తిప్పుకోవచ్చు. దాన్ని ట్రాక్ డే అంటారు. గెలుపూ లేదు, బహుమతీ లేదు. మన బండికి ఎంత చేతనవునో, మనకు ఎంత చేతకాదో తెలిసివస్తుంది, అంతే.

పోయేముందు టైర్ల ఎంపిక. నా చిన్న కారుకు కంపెనీ ఇచ్చినవి 185/60 ఆర్15. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, లోపలి చక్రం 15 అంగుళాలు. లెక్క కడితే టైరు మొత్తం వ్యాసం 603 మిల్లీమీటర్లు వస్తుంది. నేను 195/55 ఆర్15కు మారాను. వెడల్పు పది మిల్లీమీటర్లు పెరిగింది, పక్కగోడ పొట్టిదయింది, వ్యాసం 595.5కు తగ్గింది. పక్కగోడ పొట్టిదైతే మలుపులో టైరు తక్కువ వంగుతుంది, స్టీరింగు చెప్పిన మాట వెంటనే వింటుంది. ఊరికే రాలేదు ఆ లాభం. స్పీడోమీటరు ఒకటింబావు శాతం దాకా ఎక్కువ చూపుతుంది, కారు నేలకు నాలుగు మిల్లీమీటర్లు దగ్గరవుతుంది, గుంతలో పడితే దెబ్బ నేరుగా చక్రానికే తగులుతుంది. వాన నీళ్ళమీద వెడల్పు టైరు తేలిపోయే గుణమూ ఎక్కువే. టైరు అంచున కొలత పక్కనే ఇంకో అంకె ఉంటుంది. 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోయగలదని, 85 అంటే 515 అని. కొలత మార్చేవారు ఈ అంకె మాత్రం తగ్గకుండా చూసుకోవాలి. నేను చూసుకున్నాను. ఆ బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి అన్న సంగతే మరచిపోయాను.

ఇక గాలి. నా కారు తలుపు అంచున అతికించిన చీటీలో రెండు వరుసలున్నాయి. ముగ్గురి వరకైతే నాలుగు చక్రాలకూ 32 పౌండ్లు. నిండు బరువైతే ముందు 33, వెనక 36. ఈ అంకెలన్నీ చల్లగా ఉన్న టైరుకు. ట్రాక్ మీద మొదటి విడతకు 32తోనే దిగాను. నాలుగు చుట్లు తిరిగేసరికి కారు మంచుమీద పోతున్నట్టు జారడం మొదలుపెట్టింది. ఆపి కొలిస్తే ముందు టైర్లలో 40 ఉంది!

ఇది ఇంటర్మీడియెట్‌లో చదువుకున్న వాయు సూత్రమే. గేజీ చూపే అంకెకు బయటి గాలి ఒత్తిడి 14.7 కలపాలి, ఉష్ణోగ్రతకు 273 కలపాలి, అప్పుడు ఒకటి పెరిగిన నిష్పత్తిలోనే రెండోదీ పెరుగుతుంది. 27 డిగ్రీల దగ్గర 32 ఉన్న గాలి 78 డిగ్రీలకు చేరితే 40 అవుతుంది. ఉబ్బిన టైరు నడిమిభాగం ఒక్కటే నేలను తాకుతుంది, అంచులు గాలిలో ఉంటాయి, పట్టు పోతుంది. అందుకని ట్రాక్ మీద లెక్క వెనకనుంచి మొదలుపెడతారు. వేడెక్కాక ఎంత ఉండాలో ముందు అనుకుని, అది వచ్చేలా చల్లగా ఉన్నప్పుడే తగ్గించి పెడతారు.

పక్క కారతను తెల్ల బూటు పాలిష్ ఇచ్చి, టైరు అంచు మీదుగా పక్కగోడ మీదికి అడ్డంగా గీత గీయమన్నాడు. తిరిగొచ్చాక గీత ఎంతవరకు చెరిగిందో చూడాలి. భుజం దాకా చెరిగితే సరి. పక్కగోడ మీద కూడా చెరిగిందంటే టైరు మరీ మెత్తగా ఉండి పొర్లుతోందన్నమాట. అలా గీసి, చెరిపి, గాలి తీసి, పట్టించి మధ్యాహ్నానికి నా అంకె పట్టుకున్నాను. చల్లగా 27, వేడిమీద 34. ఆ సాయంత్రం కారు నా మాట విన్నంతగా మా ఇంట్లో ఎవరూ ఏనాడూ వినలేదు. :)

తప్పు అక్కడే జరిగింది. చివరి విడత ముగిసి బయటికి వచ్చి కొలిస్తే ముందు 34, వెనక 32. చీటీలో ఉన్నది 32. సరిపోయింది, ఇంకా రెండు ఎక్కువే అనుకున్నాను. పొద్దుటినుంచి ఆ సూత్రంతోనే ఆడుకున్నవాణ్ణి, ఇంటికి పోవాలన్న తొందరలో దాన్ని ట్రాక్ మీదే వదిలి వచ్చాను. ఒక్కణ్ణే కావడంతో దారిలో బండీ ఏమీ అనలేదు.

నాలుగో రోజు కరీంనగర్ నుంచి కొండగట్టుకు బయలుదేరాం. బాపు, అమ్మ, నా భార్య, పాప, నేను. వెనక డిక్కీ నిండా వంటసామాను. దూరం ముప్పై అయిదు కిలోమీటర్లు. కొండ కింద కొబ్బరికాయల కోసం ఆపాను. బాపు దిగి, నడుం సవరించుకుని, అలవాటు కొద్దీ వెనక టైరు దగ్గర కూర్చున్నాడు.

బాపు ముప్పై ఏళ్ళు లారీ నడిపినవాడు. మా గ్రానైటు రాళ్ళను కాకినాడ రేవుకు మోసినవాడు. లారీ జంట టైర్లలో లోపలిది మెత్తబడితే కంటికి కనబడదు. ఇనుపకడ్డీతో కొట్టి చప్పుడు వింటారు. కారు టైరుకు కడ్డీ ఎందుకు, అరచేయి చాలు. పక్కగోడ మీద చేయి పెట్టి వెంటనే తీసేశాడు.

"గిట్ల కాలుతాందేందిరా? గాలి ఎంతున్నది?"

నా గేజీ తీసి గర్వంగా కొలిచాను. వెనక 31. "కొద్దిగ తక్కువున్నది బాపూ, ఒక్క పాయింటు."

"ఇప్పుడు ముప్పైయొకటి. సల్లగున్నప్పుడు ఎంతుండె?"

నేను మాట్లాడలేదు. 27. అయిదుగురు మనుషులు, సామాను, 36 ఉండవలసిన చోట 27. తక్కువ గాలితో బరువు మోసే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ మడతపడి లేస్తుంది. ఆ మడతే వేడి. వేడికి లోపలి పొరలు విడిపోతే టైరు పగులుతుంది. అది ఎక్కడ పగలాలో మనల్ని అడగదు.

"మరి ఈ తెల్ల గీత లేంది?" అన్నాడు బాపు. పక్కగోడ మీది పాలిష్ గీతలు అట్లాగే ఉన్నాయి. చెప్పేశాను, మద్రాసు సంగతంతా. తిడతాడనుకున్నాను. "ఉత్త బండి మీద నేర్సుకున్నవు. నిండు బండి వేరేరా" అన్నాడు, అంతే.

పక్కనే పంక్చరు దుకాణం ఉంది. టైర్లు వెచ్చగా ఉన్నాయి కాబట్టి చీటీ అంకెకు మూడు కలిపి, ముందు 36, వెనక 39 పట్టించాను. చల్లారాక మర్నాడు మళ్ళీ కొలవాలనుకున్నాను, కొలిచాను కూడా.

ఘాట్ మీద ఎవరూ మాట్లాడలేదు. 2018 సెప్టెంబరు 11న ఈ కొండ దిగుతూనే ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. బస్సులో వందమంది దాకా ఉన్నారని అప్పటి వార్తలు. చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్కో వాడకట్టుకు ఇద్దరు ముగ్గురు. కారణాలు తేల్చడం నా పని కాదు, నాకు అర్హతా లేదు. కానీ ఆ రోడ్డు మీద బరువు అన్న మాట తేలికగా నోట రాదు. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచాను. చివరి మలుపు దగ్గర అమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. పాప వెనక సీటులో అమ్మ ఒడిలో నిద్రపోతోంది. నేను కొలవని 27 మీద ఈ పిల్లను కూర్చోబెట్టి ఇంతదూరం తెచ్చానే అని ఆలోచిస్తూ నడిపాను.

ట్రాక్ కోసం నేనొక నోటుపుస్తకం పెట్టుకున్నాను. అందులో చల్లగా, వేడిమీద అని రెండు గడులుండేవి. ఇంటికి వచ్చాక మూడోది గీశాను, ఎంతమంది అని. ట్రాక్ మీద దాని కింద ఎప్పుడూ ఒకటే ఉంటుంది. మీరు కూడా రేపు పొద్దున బండి కదిలించకముందే ఒకసారి కొలిచి చూడండి. తలుపు అంచున చీటీ ఉంటుంది, రెండో వరుస కూడా చదవండి.