చండ్రుగొండ పచ్చిక బయళ్ళ మన్ను

కొత్తగూడెములోని రైలు స్టేషనుకు భద్రాచలము రోడ్డు అని పేరు. అచ్చట దిగిన యాత్రికులలో పెక్కుమంది రామదర్శనార్థులై గోదావరీ తీరమునకు సాగిపోవుదురు. నేను మాత్రము వారినుండి విడివడి, దక్షిణముగా సత్తుపల్లి దిక్కునకు పోవు బస్సెక్కి, ఖమ్మము పొలములకును భద్రాచలము అడవులకును నడుమ నున్న చండ్రుగొండకు బయలుదేరితిని. పూర్వము ఖమ్మము జిల్లాలోనిదగు ఈ మండలము 2016 అక్టోబరు నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఆ అడవి యంచులలో, చెట్లు పలుచబడిన చోట, గడ్డి తప్ప మరేమియు పెరుగని ఎఱ్ఱని బయళ్ళు కలవనియు, ఆ మన్ను మామూలు చెల్క వంటిది కాదనియు ఎఱిగినవారు చెప్పగా వినియుంటిని. ఒక నేలను స్వయముగా త్రవ్వించి, తాకి చూచి, శాస్త్రమునందు దానికి తగిన స్థానమును వెదకుట కంటె నాకు ప్రియమైన యాత్ర వేరొకటి లేదు.

1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు చెంత బొగ్గును కనుగొన్నది మొదలు, ఈ ప్రాంతమున భూమిని గూర్చి ప్రసంగించు వారందఱును లోతున నున్న నల్లని సంపదను గూర్చియే ప్రసంగించిరి. ఆ బొగ్గును మోయు గోండ్వానా ఇసుకరాళ్ళు కొత్తగూడెము నుండి సత్తుపల్లి వఱకు పరచుకొని యున్నవి. పడమట ఖమ్మము వైపున వానికంటె బహు ప్రాచీనములైన, పొరలు పొరలుగా చీలెడు, అభ్రకము మెఱయు శిలలున్నవి. ఈ రెండింటి నడుమ ప్రయాణించుచు, దారికోతలలో బయటపడిన మన్నును కిటికీలోనుండి చూచుచుంటిని. ఒకచోట గరుకుగా ఇసుకతో, మఱొకచోట గులకఱాళ్ళతో మొరముగా, ఇంకొకచోట ఏ రాయియు లేక నున్నగా, సర్వత్ర ఎఱుపే. అయినను ఏ రెండు ఎఱుపులును ఒక్కటి కావు. పైనున్న ఈ మూరెడు మన్నే ఇచ్చటి ప్రత్తికిని, మిరపకును, వరికిని ఆధారమై యుండగా, దానిని గూర్చి ఇంత స్వల్పముగా వ్రాయబడుట నాకెప్పుడును విచారకరముగనే తోచును.

చండ్రుగొండ చేరిన పిమ్మట కనకగిరి గుట్టల దిక్కుగా నడచితిని. మార్గశిరమాసము; ప్రత్తి తీయుట సాగుచుండెను. టేకు, మద్ది, తునికి చెట్లు క్రమముగా పలుచబడి, ఒక పల్లపు వాలు మీద అకస్మాత్తుగా ఆకాశము విశాలమైనది. మోకాలెత్తు గడ్డి సగము ఎండి పసుపు వన్నెకు తిరుగగా, దాని సందులలో ఎఱ్ఱనేల కనబడుచుండెను. క్రింద వాగు చెంత రెల్లు తెల్లని వెన్నులతో నిలిచియున్నది. పశువులను మేపుకొనుచున్న ఒక కోయ వృద్ధుడు నా చేతిలోని గడ్డపారను చూచి సమీపించెను. ఈ బయలును దున్నకుండ ఎందుకు విడిచిరని అడిగితిని.

“దున్నినం సారూ, మా నాయన కాలంల దున్నినం. తొలకరి పడంగనే మీద అట్ట కడ్తది. మొలక పైకి రాదు. చెల్క లెక్క కాదు, ఇది పిండి లెక్క ఉంటది. నీళ్ళు పడితే ముద్దయితది, ఎండితే పెంకయితది. అందుకే గొడ్లకు ఇడ్సినం.”

ఆయన పలికిన ఆ నాలుగు మాటలలో ఒండ్రు ప్రధానమైన నేల యొక్క భౌతిక లక్షణమంతయు ఇమిడి యున్నది. ఇసుక రేణువులు పెద్దవి. వాని నడుమ నీరు సులభముగా దిగును. బంకమన్ను రేణువులు అతిసూక్ష్మములై పరస్పరము అంటుకొని గడ్డలుగా నిలుచును. ఈ రెండింటికిని మధ్యస్థమైన ఒండ్రు రేణువునకు ఇసుకకున్న సందులును లేవు, బంకకున్న పట్టును లేదు. కావున తొలకరి చినుకుల దెబ్బకు మట్టిపెళ్ళ విచ్చిపోయి, విడివడిన రేణువులు ఉపరితలమునందలి రంధ్రములను కప్పివేయును. ఎండ కాయగానే అది అట్టకట్టును. లోనికి దిగవలసిన నీరు పైననే ప్రవహించి, మరికొంత మన్నును వాగునకు మోసికొనిపోవును.

వృద్ధుని అనుమతితో, ఆయన మనుమని సాయముతో, వాలు నడిమి భాగమున నడుములోతు గుంట త్రవ్వితిమి. గుంట త్రవ్వుట సులభము. దాని గోడను చదువుట కష్టము. పార గీతలు మాయునట్లు కత్తి మొనతో గోడను మెల్లగా పెకలించి, సూర్యకాంతి సరిగా పడు ముఖమును సిద్ధము చేసితిని. పై జానెడు పొర గోధుమ వన్నె కలిసిన ఎఱుపు. గడ్డివేళ్ళు దానిని దట్టముగా అల్లుకొని యున్నవి. దాని క్రింద వేళ్ళు తగ్గి, ఎఱుపు హెచ్చి, మన్ను కొంచెము గట్టిపడినది. మూర లోతు దాటిన పిదప మన్ను పలకలు పలకలుగా విడివడుచు, ఆ పలకల ముఖములపై మైనము పూసినట్టి సన్నని మెఱుపు కానవచ్చెను. అది పైపొరనుండి వర్షజలముతో దిగిన సూక్ష్మమైన బంకమన్ను, పలకల మీద పూతగా నిలిచిపోవుట వలన కలిగినది. భూతద్దము తీసి ఆ పూతను ఎంతసేపు చూచితినో చెప్పలేను. అసంఖ్యాకములైన వర్షకాలములు అచ్చట తమ చేవ్రాలు చేసి యున్నవి. అడుగున శిథిలమైన రాయి, వ్రేలితో నలిపిన పొడి యగుచు, అభ్రకపు తళుకులతో నుండెను.

ఎఱుపు అని వ్రాసినంత మాత్రమున శాస్త్రము తృప్తిపడదు. అమెరికా దేశపు చిత్రకారుడు ఆల్బర్ట్ మన్‌సెల్ 1905లో ప్రకటించిన వర్ణసంకేత పద్ధతియే నేడు మృత్తికాశాస్త్రజ్ఞుల చేతిపుస్తకము. వన్నె ఏది, అది ఎంత వెలుగైనది, ఎంత గాఢమైనది అను మూడు ప్రశ్నలకు సంఖ్యలలో ఉత్తరము చెప్పవలెను. నీటితో తడిపిన మంటిగడ్డను పుస్తకపు రంగుబిళ్ళల ప్రక్కన ఉంచి చూడగా, పైపొర 5 వై.ఆర్. 4/4 అనియు, లోపలి పొర 2.5 వై.ఆర్. 4/6 అనియు తేలినది. ఈ ఎఱుపు ఇనుమునకు చెందినది. శిలలోని ఇనుము వానకు విడివడి, వేసవిలో నేల బాగుగా ఎండినప్పుడు హెమటైటు అను ఎఱ్ఱని ఆక్సైడుగా స్థిరపడును. తేమ వీడని చోట గోథైటు అను పసుపుపచ్చని రూపమును దాల్చును. కావున మన్ను రంగు ఆ నేలయొక్క నీటి చరిత్రయే.

ఈ మాట సత్యమని రెండవ గుంట నిరూపించినది. దానిని వాగునకు చేరువగా, రెల్లు మొదలయ్యెడు చోట త్రవ్వితిమి. అచ్చట బంకపూతలు లేవు, పొరల నడుమ స్పష్టమైన భేదమును లేదు. పైనుండి కొట్టుకొని వచ్చిన నున్నని ఒండ్రు ఏకరీతిగా నిండియున్నది. లోతున ఎఱుపు వెలసి, పసుపు మచ్చలును బూడిద వన్నె చారలును కనబడెను. వర్షకాలమున కొన్ని వారములు అచ్చట నీరు నిలుచునని వేరుగ నెవ్వరును చెప్పనక్కరలేదు. రెండు గుంటలలోను పలుచన చేసిన ఆమ్లపు చుక్కలు వేసి చూచితిని. నురుగు రాలేదు, అనగా సున్నము లేదు.

మన్ను తరగతిని చేతితో నిర్ణయించుట ఒక విద్య. తడి మన్నును బొటనవ్రేలికిని చూపుడు వ్రేలికిని మధ్య సాగదీసినప్పుడు ఇసుక గరగరలాడును, బంక పొడవైన పట్టీగా సాగును. ఒండ్రు మాత్రము నునుపుగా నుండియు, పట్టీ సాగకముందే తెగిపోవును. ఇచ్చటి పైపొర తెగిపోయినది. సీసాలో నీటితో కలిపి యుంచగా ఇసుక నిమిషములోపలనే దిగి, ఒండ్రు గంటల తరబడి దిగుచు, బంక మఱునాటికిని నీటిని కలకగానే యుంచినది. దీనిని ఒండ్రు గరప అని వ్రాసికొంటిని. కాని ఇచ్చట ఒక చిక్కు కలదు. అమెరికా పద్ధతిలో 0.002 నుండి 0.05 మిల్లీమీటర్ల వఱకు గల రేణువులు ఒండ్రు. అంతర్జాతీయ పద్ధతిలో ఆ పైహద్దు 0.02 మిల్లీమీటర్లే. నడుమనున్న రేణువులు ఒకరి లెక్కలో ఒండ్రు, మఱొకరి లెక్కలో సన్నని ఇసుక. హద్దు చెప్పక వ్రాసిన తరగతి అర్ధసత్యమే. మన జిల్లాల నేలలను గూర్చిన వ్రాతలు చదువునప్పుడు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనుట అవసరము.

ఇక వర్గీకరణము. అమరకోశము భూమివర్గమున ఉర్వరను, ఊషరమును వేఱుపఱచుటయే గాక, వానపై ఆధారపడిన దేశమును దేవమాతృకమనియు, నదిపై ఆధారపడిన దానిని నదీమాతృకమనియు పేర్కొన్నది. ఆధునిక కాలమున రష్యాదేశీయుడు దొకుచాయెవ్ 1883లో తన నల్లనేలల గ్రంథమును ప్రకటించి, నేల అనగా శిలాచూర్ణము మాత్రమే కాదనియు, శిల, వాతావరణము, జీవములు, నేలవాలు, కాలము కలిసి నిర్మించిన స్వతంత్ర పదార్థమనియు బోధించెను. మన దేశమున వ్యవసాయ రసాయనజ్ఞుడు లెదర్ 1898లో నేలలను ఒండ్రునేల, నల్లరేగడి, ఎఱ్ఱనేల, లాటరైటు అని నాలుగు తెగలుగా విభజించెను. పాఠశాలలలో నేటికిని వినబడునది ఆ నాలుగు తెగల మాటయే. నా రెండు గుంటలును ఆ లెక్కలో ఒకే ఎఱ్ఱనేల! వాని నడుమ రాయి విసరు దూరమే యున్నను, రెండింటి జీవితములును వేఱు.

1938 నాటి అమెరికా విభజనలో ఓక్లహామా, టెక్సాసుల గడ్డిమైదానములకు ‘ఎఱ్ఱని ప్రెయిరీ నేలలు’ అని ఒక ప్రత్యేక తెగ యుండెను. చండ్రుగొండ బయలును చూడగానే ఆ పేరు స్ఫురించుట సహజమే. అయితే 1975లో గై స్మిత్ నాయకత్వమున వెలువడిన నూతన వర్గీకరణ గ్రంథము ప్రకృతి దృశ్యమును బట్టి కాక, గుంట గోడలోని సాక్ష్యమును బట్టి తీర్పు చెప్పవలెనని శాసించినది. గడ్డినేలల గణమైన మాలిసాల్‌లో చేరుటకు పైపొర తడిగా నున్నప్పుడు వెలుగును, గాఢతను తెలుపు మన్‌సెల్ సంఖ్యలు రెండును 3కు మించరాదు. మన పైపొర 4/4. గడ్డి వేళ్ళు నేలకిచ్చిన నల్లని జీవాంశమును ఇచ్చటి తీవ్రమైన ఎండయు, ఎడతెగని మేతయు, ఏటేట తగులు నిప్పును హరించివేయుచున్నవని నా యభిప్రాయము. కావున గడ్డి యున్నను ఇది గడ్డినేల గణములోనిది కాదు. బంకపూతల పొర కలదు గనుక మొదటి గుంట ఆల్ఫిసాల్. ఋతుపవనముల తడి ఎండల క్రమము ననుసరించి ఉస్టాల్ఫ్. పటాన్‌చెరువులో ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రమందలి ప్రసిద్ధమైన ఎఱ్ఱనేల, పటాన్‌చెరువు శ్రేణి, రోడుస్టాల్ఫ్ అనబడును. కాని ఆ పేరునకు తగిన ముదురు ఎఱుపు మన గుంటలో లేదు, కనుక హాప్లుస్టాల్ఫ్ అని వ్రాసి, ప్రయోగశాలలో క్షారముల శాతము తేలువఱకు దాని ప్రక్కన ప్రశ్నార్థక చిహ్నమునుంచితిని. ఆ శాతము 35కు తగ్గినచో గణమే మాఱిపోవును. రెండవ గుంట ఇంకను పరిపక్వము కాని ఇన్‌సెప్టిసాల్. దేవమాతృకమను ఆ ప్రాచీన భావము ఈ నూతన నామములలోను వేఱొక రూపమున నిలిచియుండుట నన్ను ఆనందపఱచినది.

నేను సంచులపై చీటీలు కట్టుచుండగా వృద్ధుడు, “పేరు దొరికిందా సారూ? దానితోని మాకేమయితది?” అని అడిగెను. విత్తుటకు ముందు భూమి పండుగ చేసికొను జనులకు ఆ ప్రశ్న అడుగు అధికారము పూర్తిగా కలదు. పై బయలును వాలునకు అడ్డముగా తప్ప దున్నరాదనియు, ఎరువు వేసి ఆకుచెత్త కప్పినచో అట్ట తగ్గుననియు, వాగు గట్టునగల గడ్డిని పెకలించిన యెడల క్రింది మన్ను నిలువదనియు, మేతకు బయలును భాగములుగా చేసి ఒక్కొక్కదానికి ఒక్కొక్క వర్షకాలము విశ్రాంతి ఇచ్చుట మేలనియు చెప్పితిని.

“మా గొడ్లను ఆపుతం. పక్కూరి గొడ్లు ఆగుతయా?”

ఇరువురమును బయలు చుట్టు నడచి చూచితిమి. వాగునకు పైగా, మోకాలిలోతు గండి ఒకటి క్రొత్తగా కోసికొనుచున్న చోట ఆయన నిలిచి, మొదట మూయవలసినది ఇదేయని, ముండ్లకంప ఇచ్చటనే దొరకునని, పక్క ఊరి పెద్దలతో పండుగకు ముందే మాటలాడవలెనని అనెను. రెండవ గుంట పత్రములో భూమి వినియోగము అను గడియందు ఆ గండి వెడల్పును, మూయదలచిన హద్దును వ్రాసి, తేదీ వేసితిని.